ప్రమాదం జరిగిన మొదటి నాలుగు రోజులు: విశాఖలో తీవ్రంగా గాయపడిన వారి కుటుంబం ఏం చేయాలి, ఎలా చేయాలి

కూర్మన్నపాలెం దగ్గర మా బావగారి మోటారు సైకిలును వెనక నుంచి వచ్చిన లారీ ఢీకొట్టింది. కుడికాలు మోకాలి కింద రెండు చోట్ల విరిగింది. దారిన పోయే ఒక పెద్దాయన ఆయన్ను ఆటోలో వేసుకుని ఆసుపత్రికి చేర్చాడు. ఆ మనిషి ఎవరో మాకు ఇప్పటికీ తెలియదు, కానీ ఆయన రుణం తీర్చుకోలేం. అక్కడి క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు ఎలా జరిగిందని అడిగితే, కంగారులో ఉన్న ఆ పెద్దాయన "బండి మీద నుంచి పడిపోయాడండీ" అన్నాడు. రిజిస్టరులో ఆ మాటే ఎక్కింది. లారీ ప్రస్తావనే లేదు. ఏడాదిన్నర తర్వాత ట్రిబ్యునల్‌లో (ప్రమాద పరిహారం తేల్చే కోర్టులో) బీమా కంపెనీ న్యాయవాది ఆ ఒక్క వాక్యాన్ని చూపించి, అసలు లారీయే లేదని వాదించాడు. దాన్ని సరిదిద్దుకోవడానికి మాకు ఇంకో ఏడాది పట్టింది.

అందుకే ఇక్కడ చట్టం గురించి ఎంత చెబుతానో కాగితాల గురించీ అంతే చెబుతాను. నిర్లక్ష్యం చేసినవాడి మీద బాధ్యత మోపే చట్టాలు మనకు ఉన్నాయి. ఆ బాధ్యతను రుజువు చేసే కాగితాలు మాత్రం ప్రమాదం జరిగిన మొదటి నాలుగు రోజుల్లోనే పుడతాయి, లేదా పుట్టకుండా పోతాయి.

ముందు ప్రాణం

108కి గానీ 112కి గానీ ఫోను చేయండి. మెడకో వెన్నెముకకో దెబ్బ తగిలిందని అనుమానం ఉంటే మనిషిని చేతులూ కాళ్లూ పట్టి ఎత్తకండి. తల, మెడ, నడుము ఒకే వరుసలో కదలకుండా పట్టుకుని, అంబులెన్సు వచ్చేదాకా ఆగండి. రక్తం కారుతుంటే శుభ్రమైన గుడ్డతో గట్టిగా అదిమి పట్టండి.

"ముందు పోలీసులు రావాలి, తర్వాతే వైద్యం" అని ఏ ఆసుపత్రీ అనకూడదు. ప్రాణాపాయంలో ఉన్న మనిషికి వైద్యం చేయడం ప్రభుత్వ, ప్రైవేటు డాక్టర్లందరి బాధ్యత అని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. రోడ్డు ప్రమాద బాధితులకు నగదు కట్టకుండా వైద్యం అందించే కేంద్ర పథకం 2025 మేలో అమల్లోకి వచ్చింది. ఒక్కొక్కరికి లక్షన్నర రూపాయల దాకా, ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు ఇది వర్తిస్తుంది. ఆసుపత్రిలో ఈ పథకం పేరెత్తి అడగండి. అడగనిదే చెప్పేవాళ్లు తక్కువ.

మీరు దారిన పోతూ సాయం చేసినవారైతే భయపడకండి. మోటారు వాహనాల చట్టంలోని 134ఎ సెక్షన్ మీకు రక్షణ. గాయపడిన వ్యక్తిని మంచి మనసుతో ఆసుపత్రికి చేర్చినందుకు మీ మీద కేసు ఉండదు. మీ పేరు, వివరాలు చెప్పమని ఎవరూ బలవంతం చేయకూడదు. ఒక్క మాట మాత్రం నా విన్నపం: మీరు కళ్లారా చూడనిది డాక్టరుకు చెప్పకండి. "ఎలా జరిగిందో నేను చూడలేదు" అనండి, చాలు.

కుటుంబం నుంచి ఒకరు ఆసుపత్రికి వెళితే ఇంకొకరు ప్రమాద స్థలానికి వెళ్లాలి. వాహనం నంబరు, రెండు వాహనాలూ ఆగిన చోటు, రోడ్డు మీద టైరు గీతలు, పగిలిన అద్దం ముక్కలు, వీధి దీపం వెలుగుతోందా లేదా, ఇవన్నీ ఫోనులో ఫొటోలు తీయండి. చుట్టుపక్కల దుకాణాలకు కెమెరాలు ఉన్నాయేమో చూడండి. ఎన్‌ఏడీ కూడలి నుంచి మద్దిలపాలెం, మధురవాడ దాకా జాతీయ రహదారి పొడవునా దుకాణాలే. చాలా చోట్ల కెమెరా రికార్డు కొద్ది రోజులకే చెరిగిపోయి దాని మీద కొత్తది ఎక్కుతుంది. దుకాణదారును బతిమాలి ఆ భాగాన్ని పెన్‌డ్రైవ్‌లో తీసుకోండి. ఆ రికార్డును భద్రపరచాలని పోలీసులకు రాతపూర్వకంగా అర్జీ కూడా ఇవ్వండి. టీ కొట్టతను, ఆటో స్టాండులోని డ్రైవరు, ప్రమాదాన్ని చూసినవారు ఎవరైనా సరే, పేరూ ఫోను నంబరూ ఆ రోజే రాసుకోండి. వారం గడిస్తే చూసినవాళ్లు కూడా చూడలేదంటారు. వాళ్లను తప్పుపట్టలేం, కోర్టుల చుట్టూ తిరగాలంటే ఎవరికైనా భయమే.

క్యాజువాలిటీలో చెప్పే మొదటి మాట

కేజీహెచ్, విమ్స్ లాంటి ప్రభుత్వ ఆసుపత్రుల్లో చేరినా, ప్రైవేటు ఆసుపత్రిలో చేరినా మొదట రాసేది ఎంఎల్‌సీ, అంటే మెడికో లీగల్ కేసు రికార్డు. అందులో "గాయం ఎలా అయింది" అని ఒక వరుస ఉంటుంది. మీ కేసు మొత్తంలో అంత విలువైన వరుస మరొకటి లేదు. అక్కడ నాలుగు సంగతులు పడేలా చూడండి: ఏ వాహనం, ఎటు నుంచి వచ్చి ఢీకొట్టింది, ఎక్కడ, ఏ సమయంలో. వాహనం నంబరు తెలిస్తే అదీ చెప్పండి. తెలియకపోతే "గుర్తు తెలియని లారీ" అని రాయించండి. రాసింది చదివి వినిపించమని మర్యాదగా అడగండి. తప్పుంటే అప్పటికప్పుడు, డాక్టరు డ్యూటీ దిగకముందే సరిచేయించండి. ఒక ఆసుపత్రి నుంచి ఇంకో ఆసుపత్రికి మారిస్తే రిఫరల్ కాగితంలోనూ ఇదే కథ ఉండాలి. రెండు కాగితాల్లో రెండు కథలు ఉంటే నష్టపోయేది గాయపడినవారే.

గాయాల ధ్రువపత్రంలో "సాధారణ గాయం" అని రాశారా, "తీవ్ర గాయం" అని రాశారా అన్నది కూడా చూసుకోవాలి. ఎముక విరిగినా, పన్ను ఊడినా, కంటిచూపో వినికిడో శాశ్వతంగా పోయినా అది చట్టం లెక్కలో తీవ్ర గాయమే. పదిహేను రోజులపాటు తీవ్రమైన నొప్పితో బాధపడినా, రోజువారీ పనులు చేసుకోలేకపోయినా భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) ప్రకారం తీవ్ర గాయమే. ఎక్స్‌రేలో పగులు ఆలస్యంగా బయటపడితే ఆ రిపోర్టును డాక్టరుకూ పోలీసులకూ అందజేసి, ధ్రువపత్రంలో మార్పు అడగండి.

బిల్లులన్నీ ఒక ఫైలులో పెట్టండి. మందుల చీటీలు, ఫిజియోథెరపీ రసీదులు, గాజువాక నుంచి ఆసుపత్రికి తిరిగిన ఆటో ఖర్చు, తోడున్న మనిషి మానుకున్న కూలి, అన్నీ. భార్యో తల్లో ఉద్యోగం మానేసి సేవ చేస్తే, డబ్బు తీసుకోకుండా చేసిన ఆ సేవకు కూడా విలువ కట్టాలని కోర్టులు అంటున్నాయి. ఎన్ని రోజులు, ఎవరు చేశారో రోజువారీగా ఒక నోటు పుస్తకంలో రాయండి.

పోలీస్ స్టేషన్‌లో

ఆసుపత్రి నుంచి పోలీసులకు సమాచారం వెళుతుంది. వాళ్లే వచ్చి వాంగ్మూలం తీసుకుంటారని ఎదురు చూస్తూ కూర్చోకండి. గాయపడినవారు మాట్లాడే స్థితిలో లేకపోతే కుటుంబంలో ఎవరైనా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఫిర్యాదు చిన్నదిగా, స్పష్టంగా ఉండాలి. ఇలా:

"ఫలానా తేదీ ఉదయం సుమారు 8:40 గంటలకు మా అన్నయ్య మోటారు సైకిలు మీద గాజువాక నుంచి కూర్మన్నపాలెం వైపు రోడ్డుకు ఎడమ పక్కన వెళుతుండగా, ఫలానా నంబరు గల లారీని దాని డ్రైవరు అతివేగంగా, నిర్లక్ష్యంగా నడుపుతూ వెనక నుంచి ఢీకొట్టాడు. అన్నయ్యకు కుడికాలు విరిగింది, ఫలానా ఆసుపత్రిలో చికిత్స పొందుతున్నారు. ఎదురుగా టీ దుకాణం నడిపేవారు చూశారు. చట్టప్రకారం చర్య తీసుకోవలసిందిగా కోరుతున్నాను."

చూడనిది చూసినట్టు రాయకండి. వేగం గంటకు వంద కిలోమీటర్లు అని ఊహించి రాస్తే, అడ్డు ప్రశ్నల్లో ఆ ఒక్క అంకె మిగతా నిజాలన్నింటినీ అనుమానంలో పడేస్తుంది. మీరు స్వయంగా చూడకపోతే ఫలానావారు చెప్పగా తెలిసిందని రాయండి.

ప్రమాదం వేరే స్టేషన్ పరిధిలో జరిగిందంటూ మిమ్మల్ని తిప్పి పంపకూడదు. ఏ స్టేషన్‌లోనైనా ఎఫ్‌ఐఆర్ నమోదు చేసి, సంబంధిత స్టేషన్‌కు బదిలీ చేయాల్సిందే. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ ఈ సంగతిని స్పష్టంగా చెబుతోంది. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. నమోదుకు నిరాకరిస్తే ఫిర్యాదును పోస్టులో పోలీసు ఉన్నతాధికారికి పంపండి, విశాఖ నగరంలోనైతే కమిషనరేట్‌కు పంపవచ్చు. అప్పటికీ కదలిక లేకపోతే మేజిస్ట్రేటు కోర్టుకు వెళ్లవచ్చు.

నిర్లక్ష్యంగా బండి నడపడం న్యాయ సంహితలో 281వ సెక్షన్. తీవ్ర గాయం చేస్తే 125(బి), మూడేళ్ల దాకా జైలు. నిర్లక్ష్యం వల్ల ప్రాణం పోతే 106(1), ఐదేళ్ల దాకా. ఎఫ్‌ఐఆర్‌లో సరైన సెక్షన్ ఉందో లేదో చూసుకోండి.

ఆ తర్వాత మోటారు వాహనాల తనిఖీ అధికారి వచ్చి వాహనాన్ని పరిశీలిస్తాడు. మా బావగారి కేసును నిలబెట్టింది ఈ కాగితమే. లారీ ముందు బంపరు ఎడమ మూలలో గీతలు, వాటిలో మోటారు సైకిలు రంగు అంటుకుని ఉందని ఆ నివేదికలో రాసి ఉంది. బ్రేకులు సరిగా ఉన్నాయా, ఫిట్‌నెస్ చెల్లుబాటులో ఉందా అన్నవీ అందులో ఉంటాయి. ఈ నివేదిక నకలు తప్పకుండా తీసుకోండి. ప్రమాదం జరిగిన 48 గంటల్లో మొదటి ప్రమాద నివేదిక, 90 రోజుల్లో వివరమైన నివేదిక ట్రిబ్యునల్‌కు చేరాలని కేంద్ర నిబంధనలు ఉన్నాయి. అవి వెళ్లాయో లేదో స్టేషన్‌లో అడుగుతూ ఉండండి.

క్రిమినల్ కేసులో డ్రైవరు నిర్దోషిగా విడుదలైనా పరిహారం కేసు పోదు. అక్కడ సందేహానికి తావు లేకుండా రుజువు కావాలి, ట్రిబ్యునల్‌లో ఏది జరిగి ఉండడానికి ఎక్కువ అవకాశం ఉందో చూస్తారు. ఇది తెలియక క్రిమినల్ కేసు కొట్టేశారని ఇంటికి వెళ్లిపోయినవాళ్లున్నారు.

ఆసుపత్రి వరండాలో రాజీ

రెండో రోజో మూడో రోజో లారీ యజమాని తరఫు మనిషి పండ్లతో వస్తాడు. చేతిలో కొంత డబ్బు, ఇంకో చేతిలో స్టాంపు కాగితం. "కేసులంటే ఏళ్లు పడుతుంది, మీకేం మిగలదు" అంటాడు. దయచేసి సంతకం పెట్టకండి. ఆపరేషను ఎన్నిసార్లు చేయాలో, కాలు ఎంత వంగుతుందో, తిరిగి పనికి వెళ్లగలరో లేదో ఆ రోజు డాక్టరుకే తెలియదు. మానవత్వంతో మందుల ఖర్చు ఇస్తే తీసుకోండి, కానీ ఎంత, ఎప్పుడు, దేనికి అని రాసుకోండి. ఎక్కువసార్లు యజమాని జేబులోంచి పైసా పోదు, మూడో పక్షం బీమా (ఆ బండి వల్ల ఇతరులకు జరిగే నష్టానికి యజమాని తీసుకున్న పాలసీ) కడుతుంది. అందుకే బీమా పాలసీ వివరాలు సంపాదించండి. రవాణా శాఖ వారి పరివాహన్ వెబ్‌సైటులో వాహనం నంబరు కొడితే బీమా గడువు కనిపిస్తుంది.

పరిహారం అడగడం

దరఖాస్తు మోటారు ప్రమాదాల క్లెయిముల ట్రిబ్యునల్‌కు, మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద చేయాలి. ప్రమాదం జరిగిన చోటో, మీరు నివసించే చోటో, ప్రతివాది ఉండే చోటో వేయవచ్చు. శ్రీకాకుళంలో ప్రమాదం జరిగినా మీ ఇల్లు మధురవాడలో ఉంటే విశాఖలోనే వేసుకోవచ్చు. డ్రైవరు, యజమాని, బీమా కంపెనీ ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చాలి. 2022 ఏప్రిల్ 1 నుంచి జరిగిన ప్రమాదాలకు చట్టం పెట్టిన గడువు ఆరు నెలలు. కాలు మానాక చూద్దామనుకుంటే గడువు దాటిపోతుంది. చికిత్స నడుస్తుండగానే దరఖాస్తు వేసి, బిల్లులు తర్వాత జతచేయవచ్చు.

ఇక్కడ ఒక గుంట ఉంది, చూసి అడుగు వేయండి. 164వ సెక్షన్ కింద తప్పెవరిదన్న రుజువు లేకుండానే తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు, మరణానికి ఐదు లక్షలు వస్తాయి. మంచిదే. కానీ బీమా కంపెనీతో పరిష్కార విధానంలో ఆ మొత్తాన్ని అంగీకరించి తీసుకుంటే, 166 కింద ట్రిబ్యునల్‌లో ఉన్న మీ దరఖాస్తు రద్దవుతుంది. ఎముక విరిగినా పూర్తిగా మానిపోయే గాయమైతే ఆ దారి సులువు. జీవితాంతం కుంటుతూ నడవాల్సిన మనిషికి రెండున్నర లక్షలు ఏ మూలకు? సంతకానికి ముందు న్యాయవాదిని అడగండి.

ఢీకొట్టిన వాహనం ఏదో తెలియకపోతే రెవెన్యూ డివిజన్ అధికారి దగ్గర దరఖాస్తు చేయాలి. తీవ్ర గాయానికి 50 వేలు, మరణానికి 2 లక్షలు ఇస్తారు.

డ్రైవరుకు లైసెన్సు లేదన్న సాకుతో బీమా కంపెనీ తప్పించుకోవాలని చూస్తే కంగారు పడకండి. ముందు బాధితుడికి చెల్లించి తర్వాత యజమాని దగ్గర వసూలు చేసుకోమని ట్రిబ్యునళ్లు ఆదేశించవచ్చు. హెల్మెట్ లేదనో, బండి మీద ముగ్గురున్నారనో చెప్పి మీ పరిహారం తగ్గించమంటారు. ముగ్గురు ఎక్కడం తప్పే, అయితే ఆ తప్పుకూ ప్రమాదానికీ సంబంధం రుజువు కాకుండా దానిని మాత్రమే సాకుగా చూపి పరిహారం కోయకూడదని 2020లో సుప్రీంకోర్టు చెప్పింది. తలకు దెబ్బ తగిలినప్పుడు మాత్రం హెల్మెట్ ప్రశ్న నిజంగానే బరువైనది.

శాతాల లెక్క

అన్నింటికన్నా ఎక్కువ అన్యాయం జరిగేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి. మెడికల్ బోర్డు "కుడికాలికి 40 శాతం వైకల్యం" అని రాస్తుంది. బీమా కంపెనీ సంపాదనలో 40 శాతం కూడా పోలేదంటుంది. 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు వేసిన ప్రశ్న వేరు: ఆ మనిషి చేసే పనికి ఆ అవయవం ఎంత అవసరం? ఫిషింగ్ హార్బర్‌లో మరపడవ మీద నిలబడి వల లాగే మనిషికి, పోర్టులో క్రేను ఎక్కే ఆపరేటరుకు, కాలు వంగకపోతే ఆ వృత్తే పోయింది. బ్యాంకులో కూర్చుని పనిచేసే గుమస్తాకు అదే గాయం అంత నష్టం చేయదు. దీన్నే వృత్తిపరమైన వైకల్యం అంటారు.

లెక్క చూడండి. వయసు 32, నెల సంపాదన 18 వేలు, సొంత పని. ఏడాదికి 2,16,000. నలభై ఏళ్లలోపు సొంతపని చేసేవారికి భవిష్యత్తులో పెరిగే ఆదాయంగా 40 శాతం కలిపితే 3,02,400. 31 నుంచి 35 ఏళ్ల వయసుకు గుణకం (ఏడాది ఆదాయాన్ని ఎంతతో హెచ్చించాలో చెప్పే అంకె) 16. మొత్తం 48,38,400. వృత్తి వైకల్యం 25 శాతమని తేల్చితే 12,09,600 వస్తుంది, 50 శాతమని తేల్చితే 24,19,200. వైద్య ఖర్చు, నొప్పికీ బాధకూ ఇచ్చేది, ఇకముందు చేయించాల్సిన ఆపరేషన్లు, ఇవన్నీ దీనికి అదనం. ఒక్క శాతం మార్పు దాదాపు 48 వేల రూపాయలు. అందుకే వైకల్య పత్రం రాసిన డాక్టరును సాక్షిగా పిలిపించి, ఏ పని చేయలేరో చెప్పించమని మీ న్యాయవాదిని పట్టుబట్టండి.

సంపాదనకు రుజువు కావాలి. జీతం చీటీ లేనివారు బ్యాంకు ఖాతా వివరాలు, ఫోన్‌పేలో వచ్చిన చెల్లింపులు, సరుకు కొనుగోలు రసీదులు, పనిచ్చిన మేస్త్రీ సాక్ష్యం దాచిపెట్టుకోండి. ఏమీ లేకపోతే కనీస వేతనం లెక్కన కట్టేస్తారు.

సొంత బండి పడిపోయి గాయపడితే, ఎదుటివారి తప్పు లేకపోతే, మీ పాలసీలో 15 లక్షల యజమాని-డ్రైవరు వ్యక్తిగత ప్రమాద బీమా ఉందేమో చూడండి. మరణానికీ శాశ్వత వైకల్యానికీ అది వర్తిస్తుంది.

రోడ్డు కాకుండా వేరే చోట జరిగితే

పరవాడ, అచ్యుతాపురం, గాజువాక పరిసరాల్లో ఫ్యాక్టరీ ప్రమాదాలు మనకు కొత్త కావు. ఉద్యోగంలో గాయపడితే యజమాని నిర్లక్ష్యం రుజువు చేయనక్కర లేదు, పనిలో ఉండగా గాయమైందని చూపితే చాలు. ఈఎస్‌ఐ (కార్మికుల ప్రభుత్వ బీమా) ఉన్నవారికి వైద్యం, తాత్కాలికంగా పని చేయలేని కాలానికి సగటు వేతనంలో 90 శాతం వస్తాయి. మల్కాపురంలో ఈఎస్‌ఐ ఆసుపత్రి ఉంది. లేనివారికి ఉద్యోగుల పరిహార నిబంధనలు వర్తిస్తాయి. 1923 నాటి చట్టం స్థానంలో సామాజిక భద్రతా కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. కాంట్రాక్టు కార్మికులు గేటు పాసు, హాజరు చీటీ, భద్రతా శిక్షణ కార్డు ఫొటో తీసి ఇంటి దగ్గర పెట్టుకోవాలి. ప్రమాదం జరిగాక "ఈయన మా దగ్గర పనిచేయలేదు" అని కాంట్రాక్టరు అనడం విన్నాను. ఆ మాటకు జవాబు ఆ కార్డే.

ఫ్యాక్టరీ గోడ బయట ఉన్న ప్రజల సంగతి వేరు. 2020 మే 7న వేకువజామున ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ అనే విష రసాయనం ఆవిరి ఊరి మీద కమ్మినప్పుడు, జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ సంస్థను 50 కోట్ల రూపాయలు డిపాజిట్ చేయమంది. ప్రమాదకర పరిశ్రమ వల్ల నష్టం జరిగితే ఎంత జాగ్రత్త తీసుకున్నా బాధ్యత తప్పదని సుప్రీంకోర్టు 1986లోనే తేల్చింది. ఆవిరి పీల్చినవారు దగ్గు తగ్గిందని వైద్యం ఆపకుండా, ఎప్పటికప్పుడు పరీక్షల కాగితాలు భద్రం చేసుకోవాలి.

తెగిన కరెంటు తీగ తగిలితే విద్యుత్ సంస్థ తన తప్పు లేదని తప్పించుకోలేదని 2002 తీర్పు ఉంది. వైద్యంలో నిర్లక్ష్యం జరిగిందనుకుంటే ముందు రికార్డులు రాతపూర్వకంగా అడగండి, 72 గంటల్లో ఇవ్వాలి. చికిత్స ఫలించకపోవడం ఒక్కటే నిర్లక్ష్యం కాదు. వేరే నిపుణుడి అభిప్రాయం తీసుకున్నాకే రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. మూత లేని డ్రెయినేజీలో పడితే ఆ గోతిని కొలతతో సహా అదే రోజు ఫొటో తీయండి. మర్నాటికి దాని మీద రాయి వచ్చి కూర్చుంటుంది.

న్యాయవాది, ఫీజు

వచ్చిన డబ్బులో ఇంత శాతం అని న్యాయవాది ఒప్పందం చేసుకోవడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు నిషేధిస్తున్నాయి. ఆసుపత్రి వార్డుల్లో తిరుగుతూ కేసు మాకివ్వండి అని వకాలతు (మీ తరఫున వాదించేందుకు ఇచ్చే అధికార పత్రం) మీద సంతకం పెట్టించుకునే దళారులను దూరం పెట్టండి. ఖాళీ కాగితం మీద, ఖాళీ చెక్కు మీద ఎవరికీ సంతకం ఇవ్వకండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఉచితంగా న్యాయవాదిని అడగవచ్చు. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలు, వికలాంగులు, పారిశ్రామిక కార్మికులకు ఆదాయంతో పని లేకుండా ఈ హక్కు ఉంది. ఫోను 15100.

లోక్ అదాలత్‌లో రాజీ చేసుకుంటే త్వరగా డబ్బు వస్తుంది, కానీ దాని మీద అప్పీలు ఉండదు. కాబట్టి పైన చెప్పిన లెక్కను ముందుగా కాగితం మీద వేసుకుని, దాని కంటే ఎంత తగ్గుతున్నారో తెలుసుకునే ఒప్పుకోండి. గాయపడినవారు ఇంకా మంచం మీదే ఉన్నా సరే, ప్రమాదం తేదీ నుంచి ఆరు నెలలు లెక్కపెట్టి, దానికి నెల రోజుల ముందు తేదీని వంటింటి గోడ మీది క్యాలెండరులో ఎర్ర సిరాతో చుట్టండి.